తనంత తాను నడిచే వాక్యూమ్ క్లీనరుకు మళ్ళీ నడక

పది కిలోల బరువున్న యంత్రాన్ని మందపాటి తివాచీ మీద అరగంట సేపు ముందుకు తోస్తూ, వెనక్కి లాగుతూ ఉండాలంటే ఎలా ఉంటుందో ఊహించండి. మన ఇళ్ళలో నాపరాళ్ళో, గచ్చో, టైల్సో ఉంటాయి కాబట్టి చీపురుతో పని గడిచిపోతుంది. అమెరికాలో చాలా ఇళ్ళలో తివాచీని గోడ నుంచి గోడ దాకా పరిచి కదలకుండా బిగించేస్తారు. దాన్ని ఎత్తి బయట దులపడం కుదరదు. అడుగున చేరిన దుమ్మును బ్రష్షుతో రేపి, గాలితో లాగెయ్యాల్సిందే.

ఈ ఆలోచనతో చిన్న యంత్రాన్ని తయారుచేసిన వారిలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ ముఖ్యుడు. ఓహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో ఒక దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. చీపురు దుమ్ముకు ఊపిరాడక 1907లో ఒక ఫ్యాను మోటారు, ఒక పెట్టె, చీపురు కర్ర, దిండు గలేబు కలిపి యంత్రం కట్టాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. విలియం హూవర్ ఆ హక్కులు కొని వ్యాపారం చేశాడు. అక్కడి నుంచి యంత్రాలు బలంగా, దాంతోపాటు బరువుగా తయారయ్యాయి. ఆ బరువుకు విరుగుడుగా వచ్చిందే స్వయంగా నడిచే రకం. 1990లో వచ్చిన కర్బీ జనరేషన్ 3 ఇలాంటిదే. కాలితో పెడలు నొక్కి, పిడిని కొద్దిగా ముందుకు నెడితే యంత్రం ముందుకు పోతుంది. వెనక్కి లాగితే వెనక్కి వస్తుంది. కీళ్ళనొప్పులున్న పెద్దవాళ్ళకు ఈ నడక ఆగిపోయిందంటే యంత్రం ఇంట్లో ఉన్నా లేనట్టే.

అలా ఆగిపోయిన పాత యంత్రం ఒకటి మీ ముందు ఉందనుకోండి. బాగుచేద్దాం, రండి. విప్పేటప్పుడు పెద్దవాళ్ళు పక్కన ఉండాలి, ప్లగ్గు గోడ నుంచి తీసి ఉండాలి.

ముందు లోపల ఏముందో తెలుసుకోవాలి. మోటారు ఒక్కటే. దాని ఇరుసుకు ఒక ఫ్యాను. ఫ్యాను గాలిని బయటికి నెట్టేస్తుంటే లోపల పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణ పీడనం గాలిని, దానితో దుమ్మును లోపలికి తోస్తుంది. ‘పీల్చడం’ అని మనం అంటాం గానీ నిజానికి తోసేది బయటి గాలే. అదే ఇరుసు కొసన రబ్బరు బెల్టు ఉండి తివాచీని తట్టే రోలరు బ్రష్షును తిప్పుతుంది. చక్రాలను నడిపేదీ ఈ మోటారే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మోటారు నిమిషానికి 12,000 చుట్లు తిరుగుతుందనుకుందాం. చక్రం వ్యాసం 8 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు సుమారు 25 సెంటీమీటర్లు కదులుతుంది. మనిషి తోసే వేగం సెకనుకు అర మీటరు. అంటే చక్రం సెకనుకు 2 చుట్లు, నిమిషానికి 120 చుట్లు తిరగాలి. 12,000 ఎక్కడ, 120 ఎక్కడ! మధ్యలో పళ్ళచక్రాలు వేగాన్ని నూరు వంతులు తగ్గించాలి. వేగం తగ్గినకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది; ఘర్షణకు పోయింది పోగా మిగిలిన బలమే పది కిలోల యంత్రాన్ని కదిలిస్తుంది.

మరి వెనక్కి రావాలంటే మోటారునే వెనక్కి తిప్పితే పోలేదా? పోదు. ఫ్యానూ బ్రష్షూ అదే ఇరుసు మీద ఆధారపడ్డాయి. అవి ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరగాలి. అందుకే గేరు పెట్టెలో ముందుకు ఒక దారి, వెనక్కి ఒక దారి ఉంటాయి. పిడి కదలికను బట్టి క్లచ్ ఏదో ఒక దారిని పట్టుకుంటుంది.

ఇది తెలిస్తే జబ్బు కనుక్కోవడం సులువు. యంత్రం ముందుకు పోతుంది, వెనక్కి రాదు అనుకోండి. ఏమర్థమవుతుంది? మోటారు, చక్రాలు రెండు దిక్కులకూ ఉమ్మడి భాగాలు కాబట్టి అవి బాగున్నట్టే. వెనక దారిలోనో, పిడి నుంచి క్లచ్ దాకా పోయే లంకెలోనో తప్పుంది. ముందు లంకెను చూడండి. చాలాసార్లు దుమ్ము పట్టి బిగుసుకుపోయేది అదే. గేరు పెట్టె విప్పడం అన్నిటికన్నా చివరి పని. విప్పిన తర్వాత మళ్ళీ సరిగా అమర్చడం ఎంత కష్టమో ఒక్కసారి గడియారం విప్పిన వాళ్ళను అడగండి!

ఏ దిక్కుకూ కదలకపోతే బెల్టు తీసేసి, పెద్దవాళ్ళు యంత్రాన్ని ఎత్తి పట్టుకుని స్విచ్చి వేసి చూడాలి. చక్రాలు గాలిలో తిరిగి, తివాచీ మీద ఆగిపోతే క్లచ్ జారుతోంది. తివాచీ మీద కూడా తిరుగుతూ యంత్రం మాత్రం కదలకపోతే చక్రాల రబ్బరు నున్నగా అరిగిపోయింది. గాలిలో కూడా తిరగకపోతే పెడలు దగ్గర్నుంచి వెతకాలి. చక్రాల ఇరుసులకు చుట్టుకున్న వెంట్రుకలు, దారాలు తీసెయ్యడం మరిచిపోకండి. ఏళ్ళ తరబడి ఉన్న గ్రీజు మైనంలా గడ్డకట్టి ఉంటుంది. తుడిచి కొత్తది పెట్టాలి. క్లచ్ పొడిగా పనిచేసే రకమైతే దాని మీద మాత్రం గ్రీజు పడకూడదు.

ఫ్యానును వేలితో నెమ్మదిగా తిప్పి చూడండి. ఈ రకంలో దుమ్ము ఫ్యాను గుండానే సంచిలోకి పోతుంది. దారిలో ఒక నాణెమో, గులకరాయో తగిలి రెక్క ముక్క ఎగిరిపోయి ఉండవచ్చు. ముక్క చిన్నదే కదా అనుకోకండి. ఇరుసుకు 5 సెంటీమీటర్ల దూరంలో ఒక్క గ్రాము తగ్గినా, నిమిషానికి 12,000 చుట్ల వేగంలో ఇరుసు మీద పడే ఒంటిపక్క లాగుడు దాదాపు 8 కిలోల బరువుతో సమానం. అది సెకనుకు 200 సార్లు దిక్కు మారుస్తూ బేరింగులను తినేస్తుంది. విరిగిన ఫ్యానును అతికించే ప్రయత్నం వద్దు. మార్చాల్సిందే.

మోటారు సంగతికొస్తే, ఇది మీ వంటింట్లో ఉన్న మిక్సీ మోటారుకు చుట్టమే. మిక్సీ గాలి రంధ్రాల్లోంచి నీలి మెరుపులు ఎప్పుడైనా చూశారా? రెండు కార్బన్ బ్రష్షులు స్ప్రింగుల ఒత్తిడితో, తిరిగే రాగి పలకలకు ఆనుకుని విద్యుత్తును అందిస్తాయి. ఆ పలకల చుట్టే కమ్యుటేటరు. కార్బన్ మెత్తనిది, రాగిని కాపాడుతూ తాను అరుగుతుంది. బాగా పొట్టిదైపోతే మెరుపులు పెరుగుతాయి, ఆ తర్వాత మోటారు ఆగిపోతుంది. ‘కాలిపోయింది’ అని పారేసిన మోటార్లలో కొన్ని నిజానికి కార్బన్ అరిగినవే! కమ్యుటేటరు నల్లబడితే సన్నని గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, పలకల మధ్య సందుల్లోని పొడిని కుంచెతో దులపాలి. ఎమరీ గుడ్డ వాడవద్దు.

కరెంటు ఇచ్చే ముందు తీగ మొదటి నుంచి చివరి దాకా వేళ్ళతో వంచుతూ చూడండి. రబ్బరు పగిలి ఉంటే కొత్త తీగ వెయ్యాలి. యంత్రం అమెరికా నుంచి బంధువులు తెచ్చిందైతే ఇంకో ప్రమాదం. అది 120 వోల్టులకు చేసింది, మన గోడలో ఉన్నది 230. నేరుగా పెడితే ఇంత శ్రమా పొగైపోతుంది. దాని వాటుకు సరిపడే ట్రాన్స్‌ఫార్మరు మధ్యలో ఉండాలి.

ఇప్పుడు కొత్త బెల్టు, కొత్త సంచి తగిలించి, తివాచీ ముక్క మీద నిలబెట్టి స్విచ్చి వెయ్యండి. కొత్త కార్బన్ మొదట్లో కొంచెం మెరుపులు చిమ్ముతుంది. దాని కొన కమ్యుటేటరు గుండ్రానికి తగ్గట్టు అరిగేదాకా అంతే. పెడలు నొక్కి, పిడిని వేలితో ముందుకు నెట్టండి. తర్వాత వెనక్కి. రబ్బరు కాలిన వాసన వస్తే వెంటనే స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, రోలరు బ్రష్షుకు ఏం చుట్టుకుందో చూడండి.