నంబర్ దాచారా, దాచినట్టు నటించారా?

నేను డేటా ఎనలిస్ట్‌ని. రోజూ వేలకొద్దీ ఫోన్ నంబర్లున్న షీట్లు చూస్తుంటా. చాలావాటిలో నంబర్లకి వేసిన ముసుగు పేరుకే!

లెక్క చూడండి. మన మొబైల్ నంబర్‌లో 10 అంకెలు. మొదటి రెండు, చివరి నాలుగు కనిపించేలా ఉంచి మధ్యలో నాలుగు దాచారనుకోండి. ఇక మిగిలేవి 10,000 అవకాశాలే. పక్కనే పేరు, కాలేజీ కూడా ఉంటే? క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లోని నంబర్లతో పోల్చితే చాలు, మనిషి దొరికిపోతారు.

ఇంకో రకం ముసుగు మా చెల్లి కొంప ముంచింది. ఒక ఫెస్ట్‌కి పేర్లిచ్చినవాళ్ల షీట్‌ని గ్రూప్‌లో పెట్టారు. నంబర్ల కాలమ్‌ని హైడ్ చేశారంతే. ఎవరో అన్‌హైడ్ కొట్టారు. ఆ రాత్రి నుంచి తెలియనివాళ్ల ఫోన్లే ఫోన్లు. చివరికి నంబర్ మార్చుకుంది. బ్యాంకు, ఆధార్ అంటూ తిరిగిందీ తనే.

మరేం చేయాలి? అవసరం లేకపోతే ఆ కాలమ్‌నే డిలీట్ చేసి పంపండి. మనిషిని గుర్తుపట్టాల్సి వస్తే నంబర్ బదులు 001, 002 అని కోడ్ ఇవ్వండి. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా మీ దగ్గరే ఉండాలి. స్క్రీన్‌షాట్ మీద హైలైటర్‌తో గీయొద్దు, బ్రైట్‌నెస్ పెంచితే అంకెలు తేలిపోవచ్చు. ఆ భాగాన్ని క్రాప్ చేసేయండి.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. దాన్ని కాపాడ్డానికి మన వంతు పని రెండు నిమిషాలే!