మీకు తెలుసా? పది నిమిషాల నడక మెదడుకూ మంచిదే!

డయాలసిస్ లేని రోజుల్లో పదేసి నిమిషాల చొప్పున రెండు విడతలు నడిచినవాళ్లకు ఆరు నెలలు తిరిగేసరికి కాళ్లలో సత్తువ పెరగడమే కాదు, నడవనివారికంటే ఆలోచనలోనూ చురుకుదనం కనిపించింది!

ఇటలీలో 296 మంది డయాలసిస్ రోగులతో జరిపి, 2017లో వెలువరించిన ‘ఎక్సైట్’ అధ్యయనంలో తేలిన సంగతి ఇది. జిమ్ లేదు, యంత్రాల్లేవు. ఇంటి దగ్గర మెల్లగా నడక, అంతే. మొదట్లో ఆరు నిమిషాలకు సగటున 328 మీటర్లు నడిచినవాళ్లు చివరికి 367 మీటర్లకు చేరారు. నడవనివారు దాదాపు ఉన్నచోటే ఉండిపోయారు.

మరి మెదడు సంగతి ఎలా తెలిసింది? రోగుల్నే అడిగారు: ఏకాగ్రత కుదరట్లేదా, అయోమయంగా ఉంటోందా, ఎవరైనా ఏదైనా అంటే బదులివ్వడం ఆలస్యమవుతోందా అని. నడిచినవాళ్ల జవాబులే మెరుగ్గా ఉన్నాయి.

మన తెనాలి, బాపట్ల, రేపల్లెల్లోనూ డయాలసిస్ అంటే మామూలుగా వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు యంత్రం పక్కనే. ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఓపికుండదు, బీపీ పడిపోవచ్చు కూడా. ఆ రోజు వద్దు. డాక్టరు సరేనంటే మర్నాడు చల్లపూట, తోడు ఒకరిని పెట్టుకుని కాలవ గట్టు మీద నడవండి. గట్టు ఎగుడుదిగుడుగా ఉంటే వాకిట్లో పచార్లు చేసినా చాలు.