మీకు తెలుసా? మొజార్ట్ పియానో, పాలమూరు కిన్నెర

మొజార్ట్ 1780లలో వియన్నాలో కొనుక్కున్న పియానోలో ఇనుప చట్రం లేదు. ఆంటన్ వాల్టర్ అనే పనివాడు కట్టెతో చేసిన వాద్యం అది. 5 స్థాయిలు, 61 మెట్లు. సుత్తుల మీద తోలు. ఇప్పటి పియానోకు 88 మెట్లు, లోపల పోతపోసిన ఇనుము. 1980లలో పియానో వాద్యకారుడు మాల్కమ్ బిల్సన్ అలాంటి పాత పియానోకు నమూనా చేయించుకుని, జాన్ ఎలియట్ గార్డినర్ వాద్యబృందంతో కలిసి మొజార్ట్ కాన్చెర్టోలను రికార్డు చేశారు. ఆ పాత తరహా పియానోలో స్వరం తొందరగా ఆరిపోతుంది. కాబట్టి సంగీత వాక్యం విరుపు తెలుస్తుంది, పక్కన ఊదే వాద్యాలు మునిగిపోవు. ఏ పాట ఏ వాద్యం మీద పుట్టిందో దాని మీదే వినాలన్న పట్టుదల అది.

ఆ పట్టుదల పాలమూరు కిన్నెరకూ కావాలి.

12 మెట్ల కిన్నెర చూశారా? వెదురు బొంగు, దాని కింద ఎండిన ఆనపకాయ బుర్రలు, పైన తేనెమైనంతో అతికించిన మెట్లు. ఇది నిన్నమొన్నటి పనితనం కాదు. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు ‘సంగీత రత్నాకరం’లో కిన్నెరను చిన్నది, పెద్దది అని వేర్వేరుగా వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడి ‘బసవపురాణం’లో కిన్నెర బ్రహ్మయ్య అనే శివభక్తుడే ఉన్నాడు, కిన్నెర మోగించడమే ఆయన కొలువు. గ్రంథాల్లోని ఆ వాద్యం మన కాలందాకా బతికింది ఊరూరా తిరిగి కథలు చెప్పిన అట్టడుగు కులాల కళాకారుల చేతుల్లోనే. ఆ రుణం పెద్దది.

వాళ్లలో ఒకరు దర్శనం మొగులయ్య. ఊరు నల్లమల అంచున లింగాల మండలం అవుసలికుంట, ఒకప్పటి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా. దొరలను దోచి పేదలకు పంచాడని పాలమూరు చెప్పుకునే పండుగ సాయన్న కథను ఆయన కిన్నెర మీదే పాడతారు. 2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ సినిమా పాట మొదట్లో ఆయన గొంతు రాష్ట్రాలు దాటి వినబడింది. 2022లో పద్మశ్రీ వచ్చింది.

సినిమా చేసిన మేలు నిజమే. కానీ డప్పుల హోరుకు ముందు వినిపించే ఆ కాసేపుతో కిన్నెర తెలియదు. దాని నాదం చిన్నది, బుర్రల్లోంచి వచ్చే గుంభనమైన ధ్వని. కథకుడు మాట ఆపినచోట తీగ అందుకుంటుంది, తీగ ఆగినచోట మాట. వెనక కీబోర్డు తాళం పెడితే ఆ ఇచ్చిపుచ్చుకోవడం చచ్చిపోతుంది. నన్నడిగితే సాయన్న కథను మొదటి నుంచి చివరిదాకా, ఒక్క కిన్నెరతో, గొంతుకొక మైకు, బుర్రలకొక మైకు పెట్టి రికార్డు చేయాలి.

ఇంకొకటి. మొజార్ట్ పియానో సాల్జ్‌బర్గ్‌లో భద్రంగా ఉంది కనుకే నమూనాలు చేయగలిగారు. కిన్నెర అలా నిలవదు: ఆనపబుర్ర పగులుతుంది, మైనం ఎండకు కరుగుతుంది. అందుకే రికార్డు చేసిన రోజే బొంగు పొడవు, బుర్రల చుట్టుకొలత, ఏ మెట్టుకు ఏ మెట్టు ఎంత దూరమో కొలిచి, వాద్యం చేసినవారి పేరుతో సహా ఆల్బం అట్ట మీదే అచ్చువేయాలి.