కలము కాని కలము

పలనాటివారికి పొగాకు కొత్త వస్తువు కాదు. 1976లో పొగాకు బోర్డు గుంటూరుననే ఏర్పడినది. చుట్ట కాల్చిన తాతను ఎరుగని ఇల్లు మన పల్లెలలో అరుదు. అయితే చుట్టకు నిప్పు కలదు, నుసి కలదు, వాసన కలదు, దాచిన దాగదు. ఎలక్ట్రానిక్ సిగరెట్టు కలమువలె జేబులో ఇమిడిపోవును. బ్యాటరీ వేడికి లోపలి ద్రవము ఆవిరియై, పండ్ల వాసన మాటున నికోటిను నందించును. పొగాకును కాల్చక వేడిచేయు సాధనములు వేరొక తెగ.

ఈ రెంటిని 2019 నాటి కేంద్రచట్టము నిషేధించినది. తయారీ, దిగుమతి, రవాణా, విక్రయము, ప్రకటన అన్నియు నేరములే. తొలి నేరమునకు 1 సంవత్సరమువరకు ఖైదు, లేదా 1 లక్ష రూపాయలవరకు జరిమానా, లేదా రెండును; మరల చేసినచో 3 సంవత్సరములవరకు ఖైదు, 5 లక్షలవరకు జరిమానా. తాగువానికి మాత్రము ఈ చట్టమున శిక్ష లేదు.

సిగరెట్టుకు నిషేధము లేదు. 2003 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారికి దానిని అమ్మరాదు. విద్యాలయమునకు 100 గజములలోపల ఎవ్వరికిని అమ్మరాదు. కొత్తదానిని గుమ్మము వెలుపల ఆపి, పాతదానిని అరుగుమీద కూర్చుండబెట్టినట్లున్నదని విద్యార్థి ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ సబబే. కాని మొక్కను పెరుకుట సులభము. ఎందరో రైతుల, కూలీల బ్రతుకు అల్లుకొన్న మానును పెకలించుట కష్టము.

నరసరావుపేటలోగాని, మాచర్లలోగాని, గురజాలలోగాని అంగడి ముందు గజములు కొలుచుట అధికారుల పని. బాలుని శిక్షింపకపోవుట అతనిని విడిచిపెట్టుట కాదు, ఉపాధ్యాయునికి అప్పగించుట. సంచిలో కలము కాని కలము కనబడిననాడు, బెత్తముకన్న ముందు ఒక ప్రశ్న రావలెను: “ఎవరమ్మినారు, నాయనా?” చట్టము వెదకుచున్నది ఆ అమ్మినవానినే.