దుప్పికొమ్ములు: వాన, మేత, తల్లి కడుపు

ఆవు కొమ్ము మొదట నుండు వలయములను లెక్కించి, అది ఎన్ని ఈతలు ఈనినదో అంచనా కట్టుట మన రైతులకు తెలిసిన విద్యయే. పశువు చూలుతోను, పాలతోను చిక్కిన కాలమున కొమ్ము పెరుగుదల మందగించి అక్కడొక గాడి పడును. దుప్పి జాతిలో ఈ సంగతి ఇంకను స్పష్టముగా కనిపించును. దాని కొమ్ములు ఏటేటా రాలిపోయి మరల మొదటినుండి పెరుగును గనుక, ఆ ఏటి మేత ఎట్టిదో ఆ కొమ్మును చూచి చాలవరకు చెప్పవచ్చును.

ఆవు, మేక, మన చేలలో తిరుగు కృష్ణజింక, వీని కొమ్ములు రాలవు. లోపల ఎముక, పైన గోరువంటి పదార్థపు తొడుగు, జీవితాంతము అవియే. చుక్కల దుప్పికి, కణితికి అట్లు కాదు. వాని కొమ్ము పూర్తిగా ఎముక. పెరుగునంత కాలము దానిపై ముఖమలు వంటి నూగుచర్మము కప్పియుండి, అందలి రక్తనాళములు పోషణ నందించుచుండును. పెరుగుట ముగియగానే ఆ చర్మము ఎండి ఊడిపోవును. జంతు శరీరమున ఇంత వేగముగా పెరుగు ఎముక వేరొకటి లేదు.

ఈ విషయమును శ్రద్ధగా గమనించిన వారిలో అమెరికాలోని దక్షిణ టెక్సాస్ రైతులు ముఖ్యులు. ఆ సీమ మన అనంతపురము మెట్టవంటిదే. లారెడో పట్టణ ప్రాంతమున సాలుకు సుమారు 500 మిల్లీమీటర్ల వాన, అదియు నమ్మరానిది. మన సర్కారు తుమ్మకు దాయాదియైన మెస్కీట్ చెట్టు, నాగజెముడు అక్కడి పొదలలో ప్రధానమైనవి. ఆ పొదలలో తెల్లతోక దుప్పులు తిరుగును. అక్కడి భూస్వాములు పశువులను మేపుటతోపాటు, తమ భూములలో వేటాడు హక్కును ఏడాదికింత యని కౌలుకిచ్చెదరు. పెద్ద కొమ్ముల దుప్పి యున్న భూమికి కౌలు హెచ్చు. కావున కొమ్ము కొలత వారికి రాబడి లెక్క. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము దుప్పిని వేటాడుట నేరము. రాలిన కొమ్ముల వ్యాపారమునకును అనుమతి లేదు.

కొమ్ము ఎప్పుడు పెరుగవలెనో నిర్ణయించునది వాన కాదు, పగటి పొడవు. టెక్సాస్‌లో చలికాలము చివర కొమ్ములు రాలి, వసంతమున పగలు పెరుగుకొలది కొత్తవి మొలుచును. ఆగస్టు నాటికి పెరుగుదల ముగిసి, సెప్టెంబరులో నూగుచర్మము ఊడును. వాన వచ్చినను రాకున్నను ఈ క్రమము తప్పదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. విత్తుటకు రైతు వానకై కొన్నాళ్లు ఆగగలడు, దుప్పి ఆగలేదు. ఆ నాలుగైదు నెలలలో మేత యున్నచో కొమ్ము బలియును, లేనిచో సన్నగిల్లును. (మన చుక్కల దుప్పికి ఇంత కచ్చితమైన ఋతువు లేదు. ఒకే మందలో నూగుకొమ్ముల మగదియు, గట్టి కొమ్ముల మగదియు కలిసి కనిపించుట పరిపాటి.)

పెరుగుచున్న కొమ్ములో హెచ్చుభాగము మాంసకృత్తులు. అది గట్టిపడునప్పుడు సున్నము, భాస్వరము విస్తారముగా కావలెను. ఆ సమయమున మేతలోనిది చాలదు గనుక, దుప్పి తన ప్రక్కటెముకలనుండియే ఖనిజములను తీసి కొమ్మునకు పంపును. తరువాత మెల్లగా పూడ్చుకొనును. మన పాడిఆవు ఈనిన కొత్తలో తన ఎముకలనుండి సున్నమును పాలలోనికి దింపుట వంటిదే యిది. అయితే ఒక భేదము గమనింపవలెను. కరువులో శరీరము ముందు తన్ను తాను కాపాడుకొనును. కొమ్ము వంతు చివరిది. అందుచే ఒడలు కొంచెము చిక్కిన దుప్పికి కొమ్ము ఇంకను చిన్నదగుట సహజము.

వానలలోను అన్నియు సమానము కావు. శీతకాలమున, వసంతారంభమున పడు వానలే అక్కడ ఎక్కువ అక్కరకు వచ్చును. వాని వలన వెడల్పాకుల చిరుమొక్కలు మొలుచును. మనము కలుపు అని పీకివేయు మొక్కల వంటివే అవి; మాంసకృత్తులు వానిలో హెచ్చు. గడ్డిని దుప్పి అంతగా తినదు. ఆ చిరుమొక్కలు లేని ఏట పొదల ఆకు, నాగజెముడు మట్టలు, వేసవి మధ్యలో మెస్కీట్ కాయలు గతి. నాగజెముడులో నీరు చాల, సారము తక్కువ.

టెక్సాస్‌లోని కెర్ క్షేత్రమున 1974 నుండి దుప్పులను దొడ్లలో పెంచి పరీక్షించిరి. కొన్నిటికి నూటికి 16 వంతులు, కొన్నిటికి 8 వంతులు మాంసకృత్తులున్న దాణా నిచ్చిరి. తక్కువ దాణా తిన్న ఏడాది పోతులకు కొమ్మలు చీలని సూదికొమ్ములు ఎక్కువగా వచ్చినవి. వంశగుణము కూడ పనిచేయునని అచ్చటనే తేలినది. దీనినిబట్టి సూదికొమ్ముల పోతులను ఏరివేయవలెనని కొందరనిరి. ఆ వాదము నేటికిని ముగియలేదు. కరువు ఏట అట్లు ఏరుట తొందరపాటని నా అభిప్రాయము. దుప్పి ఐదారేండ్లకు గాని నిండు కొమ్ము నెత్తదు. మొదటి కొమ్ములో కనిపించునది ఆ ఏటి లేమియే కావచ్చును.

మిసిసిపీ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారి పరీక్ష ఈ సందేహమును మరింత బలపరచినది. సారము తక్కువ నేలలనుండియు, మంచి నేలలనుండియు చూలి దుప్పులను తెచ్చి, అన్నిటికి ఒకే మంచి దాణా పెట్టిరి. దొడ్డిలో పుట్టి కడుపునిండ తిన్న మొదటి తరము పోతులలో పేదనేల వానివి ఇంకను చిన్నవే. రెండవ తరములో మాత్రము ఒడలు, కొమ్ములు బాగుగా పెరిగినవి. రక్తము మారలేదు, తల్లి చూలుతో నుండగా తిన్న తిండి మారినది.

2011లో టెక్సాస్‌కు ఎన్నడెరుగని అనావృష్టి వచ్చినది. ముందుచూపుగల రైతులు పశువులను తగ్గించి పొదలను మిగిల్చుకొనిరి. పత్తిగింజలు, దాణా గుళికలు పెట్టినవారును కలరు. ఒక్క తొట్టివద్ద మంద మూగినచో రోగములు ప్రబలునను భయము దానికి తోడున్నది. ఆ ఏట పిల్లలు కొద్దిగానే దక్కినవి. అందుచే ఐదేండ్ల తరువాత, 2016లో, వానలు బాగుగా కురిసిన తావులలో సైతము నిండు వయసు పోతులు తక్కువగా కనిపించినవి.