ముందు తూము మూయండి

మా చిన్నతనంలో ఒకనాడు వంటింట్లో కిరసనాయిలు డబ్బా ఒరిగిపోయింది. అందరం డబ్బా ఎత్తటానికి పరుగెత్తాం. మా అమ్మమ్మ మాత్రం పాతగుడ్డ ఒకటి ఉండచుట్టి ముందు తూములో కుక్కింది. "డబ్బాలోది పోతే పోయింది, బావిలో నీళ్ళు తాగాలిగా!" అన్నది. చదువుకున్న మనిషి కాదు.

ఈ పాఠమే రసాయనాల ఫ్యాక్టరీల వారికి రైన్ నది నేర్పింది. 1986 నవంబరు 1వ తేదీ, అర్ధరాత్రి దాటింది. స్విట్జర్లండులో బాసెల్ నగరం దాపున సాండోజ్ కంపెనీ గిడ్డంగి అంటుకున్నది. లోపల 1,300 టన్నుల పైచిలుకు సరుకు, అందులో చాలాభాగం పురుగుమందులు. ఫైరింజన్లు వచ్చి నీళ్ళు కుమ్మరించాయి. మరేం చేస్తారు? తెల్లవారేసరికి మంట ఆరింది.

మరి ఆ నీళ్ళేమయినాయి? పది వేల ఘనమీటర్లకు పైబడిన నీళ్ళవి. పట్టి నిలపటానికి చాలినంత గుంట లేదు. మందులను కలుపుకొని, కాలువల వెంట తిన్నగా నదిలో పడ్డాయి. సరుకులో ఉన్న రంగు వల్ల రైన్ ఎర్రబారింది. రంగు కంటికి కనిపించింది గనుక జనం హడలిపోయారు; చంపింది రంగు కాదు, కనిపించని మందులు. దిగువన 400 కిలోమీటర్ల మేర మలుగుచేపలు లక్షన్నర దాకా చచ్చి తేలాయని లెక్కకట్టారు. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో రైన్ నీరు తోడే చోట్ల తోడటం ఆపివేశారు. పాడుచేసింది నిప్పు కాదు, నిప్పునార్పిన నీరు!

ఇందులో కిటుకొకటి ఉన్నది. ఫ్యాక్టరీలో సాధారణంగా రెండు రకాల కాలువలుంటాయి. మురికినీరు శుద్ధిచేసే చోటికి పోయేది ఒకటి, వాననీటిని నదికో వాగుకో చేర్చేది రెండోది. రోజూ మొదటిదాని మీదే అందరి కన్నూ. ప్రమాదం నాడు పీపా పగిలినా, గొట్టం చిట్లినా, ఒలికింది పల్లం చూసుకొని రెండోదాంట్లోకే దిగుతుంది. వాననీటి కాలువ గదా అని దాన్నెవరూ పట్టించుకోరు.

విరుగుడు పెద్ద విద్యేమీ కాదు. తొట్టి చుట్టూ, అందులోదంతా ఒలికినా ఆగేటంత గట్టు. వాననీటి కాలువకు అడ్డంగా మూసే తలుపు. మంటలార్పిన నీటిని పట్టే గుంట. 1987లో రైన్ ఒడ్డు దేశాలు కలిసి కార్యక్రమం ఒకటి చేపట్టి, ఫ్యాక్టరీలలో ఇటువంటి కట్టుదిట్టాలు చేయించాయి. ఎన్నడో మాయమైన సాల్మన్ చేపలు 1990 దశకంలో ఆ నది ఉపనదుల్లో తిరిగి గుడ్లు పెట్టాయి.

అయితే గుంట తవ్వటం ఒక ఎత్తు, దాన్ని ఖాళీగా ఉంచటం ఒక ఎత్తు. వాన పడ్డప్పుడల్లా అది నిండుతుంది. ఆ నీటిని పరీక్షించి తోడిపోయాలి. నిండుకుండలో మరో చెంబు పట్టదు గదా! తలుపు కూడా అంతే. నెలకోసారైనా తిప్పి చూడకపోతే తుప్పుపట్టి, అవసరం పడ్డ రాత్రి కదలనే కదలదు. దాన్ని తిప్పవలసిన వాడు రాత్రి షిఫ్టులో ఉన్న కుర్రవాడు. ఆ తలుపు ఏ మూల ఉన్నదో అతనికెవరైనా చూపించారా?