పాస్‌వర్డులను భద్రపఱచు విధము

తాళ మెంత గట్టిదైనను, చెవిని గడపమీద విడిచిపోయినచో నిల్లు భద్రము కాదు. పాస్‌వర్డు విషయమును నిట్టిదే.

గత సంవత్సరము మా పదవ తరగతి విద్యార్థి యొకడు ఉపకారవేతనపు దరఖాస్తునకు సంబంధించిన పాస్‌వర్డును నోటుపుస్తకపు చివరి పుటలో వ్రాసికొనెను. ఆ పుస్తకము పోయినది. గడువు మఱునాటితో తీరనుండెను. తండ్రిగారి ఫోను నంబరు మాఱియుండుటచే ఓ.టి.పి.యు రాలేదు. ఆ యేటి వేతనము వానికి దక్కలేదు. ఆ బాలుని దుఃఖమును జూచినందున మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ చిక్కు క్రొత్తది కాదు. 1961 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు, పలువురు కలసి వాడుకొను కంప్యూటరునకు పాస్‌వర్డుల నేర్పఱచిరి. అవి యన్నియు నొక్క పట్టికలో, చదివినవారికెల్ల తెలియునట్లు, ఉండెడివి. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన సమయము చాలక, ఆ పట్టికను కంప్యూటరుచేతనే యచ్చువేయించి యితరుల పేర పని సాగించెను. తాళము చెడలేదు, చెవులుంచిన తావు చెడ్డది. నేడు ఫోనులోని సాదా నోట్సునందును, వాట్సాప్ సందేశములందును పాస్‌వర్డులను వ్రాసియుంచుటయు నట్టిదే.

మఱి యెచ్చట నుంచవలెను? రెండు మార్గములు కలవు. మొదటిది, ఇంటి బీరువాలో తాళము వేసియుంచు చిన్న పుస్తకము. దూరదేశపు దొంగ చేతికి అది యందదు. కాని నిప్పునకును, చెదలకును లోబడును. బడిసంచిలో నెన్నడు నుంచరాదు. రెండవది, పాస్‌వర్డ్ మేనేజరు. ఇది పదముల నన్నిటిని గుప్తలిపిలోనికి మార్చి దాచి, ఒక్క మూలపదముతో మాత్రమే తెఱచుకొనును. కీపాస్, బిట్‌వార్డెన్ వంటివి రుసుము లేకయే లభించును. మూలపదమును మఱచినచో చేసినవారు సైతము సాధారణముగా తెఱువలేరు. కావున ఒకదానితో నొకటి పొందిక లేని నాలుగైదు మాటలను కూర్చి, ఆ పదమును కాగితముపై వ్రాసి బీరువాలో నుంచవలెను.

సొంత ఫోను గలవారికి రెండవ మార్గమును, ఇంటిల్లిపాదియు నొక్క ఫోనునే వాడువారికి మొదటిదియు యుక్తమని మా యభిప్రాయము. ఏ మార్గమైనను, ఒక్కొక్క ఖాతాకు వేఱు పాస్‌వర్డు వలెను. నెట్ సెంటరులో "సేవ్ చేయవలెనా?" యని కంప్యూటరు ప్రశ్నించినచో వలదనవలెను.

ఫోను నంబరు మాఱిన దినముననే దరఖాస్తులోను మార్పించుడు. గడువునాటి రాత్రి యా పని జరుగదు.